దైవశాస్త్ర పట్టా ఇంటి గడపకు వచ్చింది, కొలువు మాటేమిటి?

ధర్మపురి జిల్లా పెన్నాగరం తాలూకాలోని పిక్కిలి వంటి గ్రామంలో పన్నెండవ తరగతి ముగించిన విద్యార్థికి పై చదువు అనగానే మొదట గుర్తుకు వచ్చేది బస్సు. పెన్నాగరానికో, ధర్మపురికో పోయి రావలసి ఉంటుంది. లేదా సేలమో, బెంగుళూరో చేరి అక్కడే నిలిచిపోవలసి ఉంటుంది. 2011 జనాభా లెక్కలలో ఈ జిల్లా అక్షరాస్యత 68.5 శాతం మాత్రమే. తమిళనాడు జిల్లాలన్నింటిలోను అదే కనిష్ఠం. ఇటువంటి చోట ‘ఇంటి నుండే పట్టా’ అన్న పిలుపు ఇంపుగా వినబడటంలో ఆశ్చర్యమేమీ లేదు. వ్యాపార నిర్వహణకు, కంప్యూటరు చదువులకు మొదలైన ఆ పిలుపు ఇప్పుడు దైవశాస్త్రాన్ని కూడా చేరింది. బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, మాస్టర్ ఆఫ్ డివినిటీ, ఆపైన డాక్టరేటు వరకు అన్నీ చేతిలోని ఫోనులోనే దొరుకుతాయని ప్రకటనలు చెబుతున్నాయి.

ఈ జిల్లాలో క్రైస్తవులు అల్పసంఖ్యాకులే. అయినను ఈ చదువు గురించి ఆలోచించవలసిన కారణం ఉన్నది. ఈ పిలుపునకు స్పందించేవారిలో ఎక్కువమంది సంపన్నులు కారు. కూలి చేసుకునే కుటుంబాలు, చిన్న సంఘాలను నడుపుకునే కాపరులు, ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే యువతులు, వీరు కట్టే రుసుము కడుపు కట్టుకొని కూడబెట్టినది. ఆ సొమ్ము, దానితోపాటు మూడు నాలుగేండ్ల వయస్సు, ఏ గట్టుకు చేరుతున్నదో విచారించుకోవలసిన అవసరం ఉన్నది.

దూరవిద్య ద్వారా దైవశాస్త్రం నేర్వటం కొత్త సంగతి కాదు. 1963లో గ్వాటెమాలా దేశంలోని ఒక ప్రెస్బిటేరియన్ సెమినరీ, గ్రామాలను, కుటుంబాలను విడిచి రాలేని కాపరుల వద్దకు తానే పాఠాన్ని పంపే పద్ధతి ప్రారంభించింది. ఆ ఆలోచన అనతికాలంలోనే భారతదేశానికి వచ్చింది. 1971లో బెంగుళూరు కేంద్రంగా ‘టాఫ్టీ’ అనే సంస్థ ఏర్పడి, ఉద్యోగాలు చేసుకుంటున్న సామాన్య విశ్వాసులకు పాఠ్యపుస్తకాలను, వారానికో పక్షానికో ఒకసారి కూడి చర్చించుకునే ఏర్పాటును కల్పించింది. సెరంపూర్ విశ్వవిద్యాలయం కూడా కళాశాలలో చేరలేనివారి కోసం క్రైస్తవ అధ్యయనాలలో డిప్లొమా, బ్యాచిలర్ పట్టాలను బహిరంగ విద్యార్థులకు ఇస్తూ వచ్చింది. వీటిలో ఎక్కడా ‘ఉద్యోగం ఖాయం’ అన్న మాట లేదు. చదివేవాడు అప్పటికే ఒక పనిలో ఉన్నాడు, ఆ పనిలోనే ఉంటూ తన విశ్వాసాన్ని గ్రహింపుతో బలపరచుకుంటాడు అన్నదే ఆ చదువు ఉద్దేశం. నేటి ఆన్‌లైన్ ప్రకటనలలో మారినది సాంకేతికత కంటె ఆ ఉద్దేశమే.

ఇక పట్టా విలువ విషయం. ఇక్కడ చట్టాన్ని కొంచెం నిదానంగా చదువుకోవలసి ఉన్నది. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘ చట్టం 22వ సెక్షను ప్రకారం పట్టా ఇచ్చే అధికారం కేంద్ర, రాష్ట్ర చట్టాల ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, వాటితో సమాన హోదా పొందిన సంస్థలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉన్నది. దైవశాస్త్రంలో ఈ గీతకు లోపల ఉన్న ప్రాచీన సంస్థ సెరంపూర్. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మువ్వురు స్థాపించిన ఆ కళాశాలకు 1827లో డెన్మార్క్ రాజు ఆరవ ఫ్రెడరిక్ పట్టాలిచ్చే అధికారాన్ని సనదుగా ప్రసాదించాడు. ఆ ఊరు అప్పుడు డేనుల పాలనలో ఉండేది. తొలి బి.డి. పట్టాలు 1915లో ఇచ్చారు. 1918లో బెంగాల్ శాసనసభ చేసిన చట్టం ఆ అధికారాన్ని స్థిరపరచింది. రాజమండ్రిలో 1964లో ఆరంభమై తరువాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ దైవశాస్త్ర కళాశాల, బెంగుళూరులో 1910 నుండి నడుస్తున్న యునైటెడ్ థియలాజికల్ కళాశాల, చెన్నైలోని గురుకుల్, మదురై అరసరడిలోని తమిళనాడు దైవశాస్త్ర కళాశాల, ఇవన్నీ సెరంపూర్ పరిధిలోనివే. వీటిలో బి.డి. అంటే పట్టభద్రునికి నాలుగేండ్లు, పట్టా లేనివానికి ఐదేండ్లు కళాశాలలో ఉండి చదివే చదువు.

రెండవ తరహా గుర్తింపు సంఘాలది. ఆసియా థియలాజికల్ అసోసియేషన్ వంటి సంస్థలు సెమినరీల బోధనను, గ్రంథాలయాలను, అధ్యాపకులను పరీక్షించి గుర్తింపునిస్తాయి. ఆ గుర్తింపు నిజమైనదే. చాలా సంఘాలు దానిని గౌరవిస్తాయి. కాని అది ఒక సమాజం తన సభ్యులకు ఇచ్చే గుర్తింపు. నిధుల సంఘం గుర్తింపు వేరు. ఆ పట్టాతో ప్రభుత్వ పోటీ పరీక్షకు దరఖాస్తు పెట్టబోయినప్పుడు ఈ తేడా తెలిసివస్తుంది. ఏ దైవశాస్త్ర పట్టా అయినా ఒక ఉద్యోగానికో, పై చదువుకో సాధారణ బి.ఏ.తో సమానమా కాదా అన్నది ఆ ఉద్యోగమిచ్చేవారు, ఆ విశ్వవిద్యాలయం వారు చెప్పవలసినదే గాని, పట్టా అమ్మేవారు చెబితే చెల్లదు.

మూడవ తరహా ఒకటి ఉన్నది. దానిని గుర్తింపు అనటానికి వీలులేదు. నిధుల సంఘం ఏటేటా ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో 2023లో 20 పేర్లు ఉన్నాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి రెండు. ఒకటి గుంటూరు చిరునామాతో ఉన్న ‘క్రైస్ట్ న్యూ టెస్టమెంట్ డీమ్డ్ యూనివర్సిటీ’. రెండవది విశాఖపట్నం చిరునామాతో ఉన్న ‘బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా’. రెండును దైవశాస్త్రం పేరిట వెలసినవే కావటం తెలుగువారు ఆలోచించుకోవలసిన సంగతి. వైద్యమో, ఇంజనీరింగో అయితే మోసపోయినవాడు కోర్టుకు ఎక్కుతాడు. దేవుని పేరు మీద తీసుకున్న పట్టా విషయంలో అలా చేయటానికి మనసు ఒప్పదు. ‘పోనీలే, వాక్యం నేర్చుకున్నాను గదా’ అని సరిపెట్టుకుంటాడు. ఆ సరిపెట్టుకోవటమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. పైగా చట్టవిరుద్ధంగా పట్టాలిచ్చినవారికి 1956 చట్టం 24వ సెక్షను విధించే జరిమానా వెయ్యి రూపాయలకు మించదు. ఒక్క విద్యార్థి కట్టే రుసుములో అది ఎన్నవ వంతో లెక్కవేసుకోవచ్చును.

‘అమెరికా విశ్వవిద్యాలయం’ అన్న పేరుకు కూడా ఇదే గతి. అమెరికాలో చదువుల గుర్తింపు వ్యవహారం రాష్ట్రానికో విధంగా ఉంటుంది. ఫ్లోరిడా వంటి రాష్ట్రాలలో మతవిద్య మాత్రమే బోధించే కళాశాలలు రాష్ట్ర లైసెన్సు లేకుండానే నడువవచ్చును. పట్టా పేరులో మతసంబంధమైన మాట ఒకటి ఉండవలెనన్నది అందుకు ఒక షరతు. కనుక అక్కడ ఒక చిరునామా సంపాదించి, ఇక్కడ హోటలు హాలులో గౌనులు తొడిగి గౌరవ డాక్టరేట్లు పంచటం కష్టమైన పని కాదు. తెలుగునాట గోడ పత్రికలలో కాపరుల పేర్ల ముందు ‘డాక్టర్’ అన్న మాట ఎంత విరివిగా కనిపిస్తున్నదో పాఠకులకు తెలియనిది కాదు.

అట్లని ఆన్‌లైన్ అన్నది అంతా బూటకమనటం కూడా న్యాయం కాదు. ఉత్తర అమెరికాలో దైవశాస్త్ర విద్యాలయాల సంఘం గుర్తింపు పొందిన పలు సెమినరీలు నేడు ఎం.డివ్. పట్టాను ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నాయి. దానికి కనీసం 72 క్రెడిట్లు పూర్తిచేయవలసి ఉంటుంది. అది గట్టి చదువే. భారతదేశంలోను 2020 నాటి నిబంధనల ప్రకారం నిధుల సంఘం అనుమతి పొందిన విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్ పట్టాలు ఇవ్వవచ్చును. ఆ అనుమతి విశ్వవిద్యాలయానికంతటికి కాక ఒక్కొక్క కోర్సుకు విడివిడిగా ఉంటుంది. 2024 నుండి ఇటువంటి కోర్సులో చేరే ప్రతి విద్యార్థి సంఘం వారి దూరవిద్యా విభాగపు వెబ్‌సైటులో ముందుగా డెబ్ ఐడీ అనే సంఖ్యను సృష్టించుకోవలసి ఉన్నది. చేర్చుకుంటామనేవారు ఆ సంఖ్య ఊసు ఎత్తకపోతే అనుమానించవలసినదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. పట్టా నిజమైనదే అనుకుందాం. ఆపైన ఏ కొలువులు ఉన్నాయి?

మొదటిది కాపరి పదవి. రోమన్ కతోలిక సంఘంలో గురువు కావలెనంటే సెమినరీలో ఎనిమిది పదేండ్ల నివాసం తప్పదు. ధర్మపురి 1997లో సేలం నుండి విడివడి ప్రత్యేక మేత్రాసనం అయింది. ఇక్కడి యువకుడైనా ఆ దారినే పోవలసినవాడు. దానికి ఆన్‌లైన్ అడ్డదారి లేదు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం వంటి ప్రధాన ప్రొటెస్టెంటు సంఘాలలో పద్ధతి మరొకటి. అక్కడ ముందు సంఘం అభ్యర్థిని ఎన్నుకుంటుంది, తరువాత అధ్యక్ష మండలం అతనిని లేదా ఆమెను కళాశాలకు పంపుతుంది, చదువు ముగిశాక పరీక్షాకాలం, ఆపైన అభిషేకం. ముందు తానుగా పట్టా సంపాదించి, తరువాత దానిని చేతబట్టుకొని ఉద్యోగం అడిగే వరుస అక్కడ లేదు. ఆ సంఘంలోనే 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత బిషప్పుగా అభిషిక్తురాలై, ఆ పదవినెక్కిన మొదటి మహిళ అయినారు. ఇటువంటి తలుపులు స్త్రీలకు తెరుచుకోవటంలో చదువు పాత్ర ఉన్నది. అయితే ఆ తలుపు సంఘం లోపలి నుండి తెరుచుకుంటుంది.

ఇక స్వతంత్ర సంఘాలు, పెంతెకోస్తు సంఘాలు. గ్రామాలలో అనేకం ఇవే. ఇక్కడ ఎవరూ పట్టా అడగరు. ప్రార్థన చేయించగలవాడు, పాడగలవాడు, నలుగురి కష్టసుఖాలలో నిలబడగలవాడు కాపరి అవుతాడు. ఆదాయం కానుకల మీద ఆధారపడి ఉంటుంది. జీతపు పట్టిక, పింఛను ఉండవు. 2020లో కొవిడ్ కాలంలో ప్రార్థనా స్థలాలు మూతపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు ఒక్కొక్కరికి 5,000 రూపాయల సాయం అందించింది. ఆ కొద్ది మొత్తం కూడా వారికి అవసరమైందంటే ఈ వృత్తిలోని బతుకుదెరువు ఎంతటిదో తెలుస్తుంది.

కనుక తేలేది ఇది: పట్టా అడిగే చోట ఒంటరిగా సంపాదించిన ఆన్‌లైన్ పట్టా చాలదు, అది చాలే చోట అసలు పట్టాయే అడగరు. ప్రకటనలలో ఈ ఒక్క వాక్యం ఎక్కడా కనబడదు.

సైన్యంలో మతబోధకుల ఉద్యోగం గురించి కూడా ప్రచారం ఉన్నది. అది నిజంగా ఉన్న కొలువే, జూనియర్ కమిషన్డ్ అధికారి హోదాలో. దాని అర్హతలను చూడండి. పండితునికి శాస్త్రి లేదా ఆచార్య పట్టా, మౌల్వీకి ఆలిం వంటి అర్హత అడుగుతారు. పాద్రీ విషయంలో మాత్రం దైవశాస్త్ర పట్టా పేరు లేదు. తగిన సంఘాధికారి చేత అభిషేకం పొంది, స్థానిక బిషప్పు ఆమోదించిన జాబితాలో ఉన్నవాడై ఉండవలెనని ఉన్నది. వీటితోపాటు అందరికీ ఏదో ఒక విషయంలో సాధారణ పట్టా తప్పనిసరి. అంటే ఇక్కడ పనికివచ్చేది మామూలు బి.ఏ., బిషప్పు సంతకం.

ఆసుపత్రులలో రోగులను ఓదార్చే చాప్లెయిన్ పని మరొకటి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఈ సేవకు ప్రత్యేక విభాగమే ఉన్నది. అమెరికాలో ఇది చక్కని జీతం ఉన్న వృత్తి. అందుకే అక్కడి ఆన్‌లైన్ ఎం.డివ్. ప్రకటనలలో దీనికి పెద్దపీట. కాని ఆ వృత్తికి పట్టాతోపాటు క్లినికల్ పాస్టరల్ శిక్షణ కావలెను. ఒక్కొక్క యూనిట్ 400 గంటలు, పూర్తి ధ్రువీకరణకు నాలుగు యూనిట్లు. ఆ పదహారు వందల గంటల శిక్షణలో పెద్ద భాగం మనుష్యుల పక్కన కూర్చుని చేసే పని. అమెరికాలోని తెలుగు సంఘాలలో సేవకు వెళ్లాలనుకునేవారికి ఆర్-1 వీసా ఉన్నది. అందుకు అదే శాఖలో కనీసం రెండేండ్ల సభ్యత్వం చూపవలె, పిలిచే సంఘం ఒకటి ఉండవలె. ఇక్కడ కూడా పట్టాకు ముందు ఒక సంఘంతో ఉన్న బంధమే ప్రశ్న.

బడిపంతులు ఉద్యోగానికి దైవశాస్త్ర పట్టా పనికివస్తుందా అని అడిగేవారు కూడా లేకపోలేదు. రాదు. ఉపాధ్యాయ శిక్షణ, దానిపైన అర్హతా పరీక్ష కావలెను. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, పదవీ విరమణకు ఐదేండ్లకు పైబడి కాలమున్న ఉపాధ్యాయులు సైతం ఆ పరీక్ష నెగ్గవలసిన స్థితి వచ్చింది. ఇరవయ్యేండ్లుగా పాఠాలు చెబుతున్నవారే పుస్తకాలు ముందేసుకొని కూర్చోవలసి వచ్చిన రోజులలో బి.డి. కాగితం బడి గేటు దాటించగలదని ఆశించటం పొరపాటు.

ఒక సున్నితమైన విషయం కూడా దాచకుండా చెప్పవలసి ఉన్నది. ఈ చదువు వైపు వచ్చే యువకులలో షెడ్యూల్డు కులాల కుటుంబాలవారు గణనీయంగా ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే షెడ్యూల్డు కులాల హోదా వర్తిస్తుంది. తమిళనాడులో ఆ కులాల నుండి క్రైస్తవం స్వీకరించినవారిని వెనుకబడిన తరగతులలో చేర్చారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసాన్ని పాటిస్తూ ఉద్యోగం కోసం మాత్రం షెడ్యూల్డు కుల ధ్రువపత్రం కోరటాన్ని సుప్రీంకోర్టు తిరస్కరించింది. 2025 ఏప్రిల్ చివర ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినవారు అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరజాలరని తీర్పునిచ్చింది. ఈ న్యాయం సరియైనదా కాదా అన్నది వేరే చర్చ. మతం మారినా ఊరు కులాన్ని మరువదన్న వాదనలో బలం లేకపోలేదు. అయితే ఒక పుస్తకం చదివినంతమాత్రాన ఎవరి హోదా పోదు. బాప్తిస్మ పత్రం, అభిషేక పత్రం, ‘పాస్టర్’ అని ముద్రించుకున్న కార్డు మాత్రం రేపు సాక్ష్యాలు కాగలవు. కోర్సులో చేరమని ఫోనులో బతిమాలేవారు ఈ మాట చెప్పరు. దైవశాస్త్ర పట్టా వల్ల కొలువు రాకపోగా, మరొక కొలువుకు ఉన్న దారి మూసుకుపోయే ప్రమాదం ఉన్నది గనుక ఇంటిలో పెద్దలతో కూర్చుని ముందే తేల్చుకోవలసిన విషయమిది.

అర్హత వేరు, నియామకం వేరు అన్న సత్యం ఒక్క మతానికే పరిమితం కాదు. తమిళనాడులో అన్ని కులాలవారికీ అర్చకత్వం నేర్పటానికి 2007లో ప్రభుత్వమే పాఠశాలలు పెట్టింది. సుమారు రెండు వందల మంది శిక్షణ ముగించుకొని బయటికి వచ్చారు. కేసులు నడిచాయి, 2015లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చివరకు 2021 ఆగస్టు 14న వారిలో 24 మందికి నియామక పత్రాలు అందాయి. మధ్యలో గడిచిన పదమూడు పద్నాలుగేండ్లు వారు ఏ పని చేసి బతికారో ఆలోచించండి. అక్కడ పాఠం చెప్పినది ప్రభుత్వమే, ధ్రువపత్రం ఇచ్చినదీ ప్రభుత్వమే.

సరిహద్దు జిల్లాలవారికి దీనితోపాటు భాష అనే చిక్కు ఒకటి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో తెలుగు ఇంటి మాటగా ఉన్న కుటుంబాలు ఎన్నో. కాని 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో తమిళం తప్పనిసరి కాగా, తెలుగు చదవటం, వ్రాయటం వచ్చిన పిల్లలు అరుదవుతున్నారు. నోటికి తెలుగు, కంటికి తమిళం, పరీక్షకు ఇంగ్లీషు. ఇటువంటి విద్యార్థి ‘తెలుగు మాధ్యమం’ అన్న మాట చూసి మురిసి ఆన్‌లైన్ కోర్సులో చేరితే వీడియో పాఠం అర్థమవుతుంది, అభ్యాసపత్రం వ్రాయలేడు. తమిళంలో చదివితే ఇక్కడి సంఘాలలో పని చేయగలడు గాని, హోసూరు, కుప్పం, బెంగుళూరు తెలుగు సంఘాలలో లేఖనం చదివి వినిపించలేడు. బి.డి. అయితే ఎక్కువగా ఇంగ్లీషులోనే. రెండు లిపులూ పట్టుబడిన మనిషికి మాత్రం ఈ సరిహద్దు ఒక వరమే. ఇరువైపుల సంఘాలకు, అనువాద పనులకు, పాటల పుస్తకాల ముద్రణకు అటువంటివాడు కావలెను. ఆ లిపి నేర్వటానికి రుసుము కట్టనక్కరలేదు; పెద్దబాలశిక్ష ఒకటి, ఒక వేసవి సెలవులు చాలును.

మతాన్ని విద్యావిషయంగా చదవదలచినవారికి మద్రాసు, మైసూరు విశ్వవిద్యాలయాలలో క్రైస్తవ అధ్యయన విభాగాలు ఉన్నాయి. అవి మామూలు విశ్వవిద్యాలయ పట్టాలు. జీతం ఆశించక, ఆదివారపు బడిలో పాఠం మరింత బాగా చెప్పాలని, తన విశ్వాసానికి ఆధారమేమిటో తెలుసుకోవాలని కోరే గృహిణికో, రైతుకో దూరవిద్యా డిప్లొమా నేటికీ మంచి సాధనమే. వారు అడిగినదే ఆ చదువు ఇస్తుంది, రుసుము కూడా తక్కువ.

కాపరి కాదలచిన పిక్కిలి యువకుడు మాత్రం ఫోనులో దరఖాస్తు నింపేముందు తన సంఘ పెద్దను కలవటం మంచిది. దైవశాస్త్ర కళాశాలల విద్యా సంవత్సరం సాధారణంగా జూన్, జూలై నెలలలో మొదలవుతుంది. సంఘం సిఫారసు లేఖ, అధ్యక్ష మండలం వారి ముఖాముఖి అంతకు ఎన్నో నెలల ముందే జరగవలె. ఈలోగా ధర్మపురిలోనో పెన్నాగరంలోనో ఒక బి.ఏ.లో చేరి ఉంటే, ముఖాముఖిలో కాదన్నా ఆ ఏడాది వృథా కాదు.